తన చోటు తప్పని చుక్క

నరసరావుపేటలో జూనియర్ కాలేజీలో చదివినవాళ్లని అడగండి, లెక్కల పున్నారావు సారంటే ఇప్పటికీ హడలి చస్తారు. పల్నాడు పటాన్ని ముద్దగా నలిపి క్లాసు గచ్చు మీదికి విసిరేవాడు. “చింపకుండా ఎట్టా నలిపినా, ఈ పటంలో ఒక్క చుక్క మాత్రం నేల మీద తన అసలు చోటుకు సరిగ్గా పైనే ఉంటదిరా. ఎక్కడుందో అడగమాకండి. ఉండి తీరుతది!” అనేవాడు. దాని పేరు స్థిర బిందువు.

ఆయన భార్య సుకన్యకు అరవై నిండకుండానే మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట వీధి మరిచింది, చివరికి మొగుణ్ణే మరిచింది. మెదడు కుంచించుకుపోతోంది, చేసేదేం లేదన్నాడు డాక్టరు. పున్నారావుకు ఒళ్లు మండింది. మనసు కూడా నలిగిన పటమే కదా! ధ్యాస ఎంత చెదిరినా, తిరిగి తిరిగి వచ్చి ఆగే చోటు ఒకటి ఉండి తీరాలి. అది దొరికితే అక్కడ తన సుకన్య దొరుకుతుంది. ఇదీ ఆయన లెక్క. పిచ్చి లెక్కే, కానీ ఆ మనిషికి వేరే ఆధారం ఏముంది పాపం!

ఉద్యోగం మానేసి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అన్నం పెట్టే పని పక్కింటి ముంతాజ్ చూసుకునేది. పెళ్లి ఫొటో చూపించాడు, చూపు జారిపోయింది. కోటప్పకొండ తిరునాళ్ల కబుర్లు చెప్పాడు, గోడకు చెప్పినట్టే ఉంది. ఏం చెప్పినా ఆమె ధ్యాస ఇల్లంతా తిరిగి వంటింటి గుమ్మం దగ్గరే ఆగేది. అక్కడ ఒకటే మాట.

“ఆయనింకా తినలేదు.”

దొరికింది! పున్నారావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెలో అన్నీ పోయినా తను మిగిలాడు. ముంతాజ్‌ని కేకేసి మరీ చెప్పాడు.

“సంతోషమే బాబాయ్. మరి పిన్ని అన్నం ముట్టట్లేదు, అది చూడు ముందు. మొదట్లో బతిమాలితే రెండు ముద్దలన్నా తినేది,” అంది ముంతాజ్.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. మొగుడు తినందే ఎంగిలిపడకూడదని పెరిగిన మనిషి సుకన్య. ట్యూషన్లన్నీ ముగించుకుని ఆయన ఏ మూడింటికో వచ్చేదాకా కడుపు మాడ్చుకుని కూర్చునేది. ‘నువ్వు తినేయవే’ అని ఒక్కనాడైనా అన్నాడా ఈ మహానుభావుడు? పైగా నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆమె ముందు కూర్చుని అన్నం కలిపాడు. “ఇదిగో, నేను తింటన్నా. నువ్వూ తినవే.”

“మీరు తింటే ఆయన తిన్నట్టా?” అంది సుకన్య.

నోట్లో ముద్ద పెడితే ఉమ్మేసింది. ఆసుపత్రిలో ముక్కులో గొట్టం వేస్తే పీకేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆఖరికి పున్నారావు జుట్టుకు నల్లరంగు వేయించాడు. కాలేజీకి తొడుక్కునే తెల్లచొక్కా వేసుకుని, మధ్యాహ్నంపూట పాత స్కూటరు గుమ్మం ముందు ఆపి, హారన్ కొట్టి లోపలికొచ్చాడు.

సుకన్య లేచి నిలబడింది. ఆయన మొహంలోకి చూసింది. ఈసారి చూపు జారలేదు.

“సారు కోసమా? ఇంకా రాలేదండీ,” అంది గోడ పట్టుకుని, నీరసంగా. “ఎంతసేపని కూర్చుంటారు? పోండి. మీ ఇంట్లో ఆమె కూడా తినకుండా కూర్చుని ఉంటది.”