మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది

మంచు మీద నిలబడడం నేను నలభై మూడో ఏట నేర్చుకున్నాను. అంతకు ముందు నాకు తెలిసిన మంచు ఫ్రిజ్‌లోదే. నేర్చుకున్నాను అనడం కూడా కొంచెం ఎక్కువే. పడడం నేర్చుకున్నాను, మధ్యమధ్యలో నిలబడుతుంటాను.

కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో నాతో పనిచేసే మిత్రుడొకాయన ఉన్నాడు. వరంగల్ వాడు, నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను ‘అన్నా’ అంటాడు. ఆయన కూతురు ఇక్కడే పుట్టింది, ఐదో ఏటి నుంచి స్కీ చేస్తోంది. లిఫ్టులు లేని కొండల్లోకి సొంత కాళ్లతో ఎక్కి స్కీ చేస్తూ దిగేవాళ్లు, ఏ మంచు నిలుస్తుందో ఏ మంచు విరిగి పడుతుందో అంచనా వేయడం నేర్చుకోవాలి. దానికో కోర్సు ఉంటుంది. మా ముగ్గురిలో అది చేసింది ఆ అమ్మాయి ఒక్కతే. నేను ఆమెకు అంకుల్‌ని. నా క్వాలిఫికేషన్ అదే.

ఒక ఫిబ్రవరి శనివారం టాహో కొండల వైపు వెళ్లాం. రెండు రోజుల క్రితమే పెద్ద మంచు తుఫాను వచ్చి వెళ్లింది. పొద్దున చూసిన మంచు రిపోర్టు, నిటారు వాలుల మీద జాగ్రత్త అంది. కారు దగ్గర ఛాతీకి బీకన్లు కట్టుకున్నాం. మంచు కింద కూరుకుపోతే మనం ఎక్కడున్నామో మిగతావాళ్లకి చెప్పే యంత్రాలవి. ఆ అమ్మాయి వాటిని ఒక్కొక్కటే చెక్ చేసి, “రూల్ ఒకటే అంకుల్. ఎవరో ఒకరు నో అంటే అందరం వెనక్కి. రీజన్ అడగకూడదు” అంది.

తలూపాను. కొత్త యాప్ షరతులు చదివి ఒప్పుకున్నంత శ్రద్ధగా.

రెండున్నర గంటలు ఎక్కాక ఆ వాలు కనిపించింది. ఎండలో మెరిసిపోతోంది, దాని మీద ఒక్క గీత లేదు. ఆ అమ్మాయి కొంచెం పక్కన, ప్రమాదం లేని చోట ఛాతీ లోతు గొయ్యి తవ్వింది. గోడ పొరలు పొరలుగా, కోసిన మడత కాజాలా ఉంది. మధ్యలో ఒక పొర మాత్రం తాకితే పంచదారలా రాలుతోంది. రంపంతో ఒక దిమ్మెను విడిగా కోసి, దాని మీద పార పెట్టి, చేత్తో తట్టడం మొదలుపెట్టింది. మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎంత తక్కువ దెబ్బలకు విరిగితే అంత భయం.

మణికట్టు పది అయ్యాయి. మోచేతి నుంచి రెండో దెబ్బకు ఆ పంచదార పొర మీదున్న మంచంతా, బల్ల సొరుగు లాగినట్టు, నున్నగా ఆమె మోకాళ్ల మీదికి జారింది.

ఆమె నోరు తెరవబోయింది. నేను ముందు తెరిచాను.

“ఇంత దూరం వచ్చాం కదా తల్లీ. ఒక్కొక్కళ్లం కుడి అంచు పట్టుకుని మెల్లగా దిగితే పర్లేదేమో.”

“అన్న చెప్తుండు గదా బిడ్డా,” అన్నాడు మిత్రుడు. “ఆయనకు తెల్వదా?”

తెలియదు. తెలియదని నాకు తెలుసు. కానీ నాలుగు గంటలు డ్రైవ్ చేశాను, ఆ వాలు మీద దిగే ఫోటోకి కింద రాయాల్సిన వాక్యం కూడా దారిలోనే తయారైపోయింది.

ఆమె ఒక్క క్షణం గొయ్యి వైపు చూసింది. “ఓకే అంకుల్,” అంది. “ఫస్ట్ నేను వెళ్తా.”

ముగ్గురిలో బాగా స్కీ చేసేది ఆమే. మొదట దిగేవాళ్ల బరువే వాలును పరీక్షిస్తుంది. ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించిన పట్టీలను ఆమె పీకడం మొదలుపెట్టింది. మామూలుగా చిటికెలో చేసే పని, ఆ రోజు ఎంతసేపటికీ కావడం లేదు.

ఆ “ఓకే అంకుల్” ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఆ అమ్మాయికి ఏడెనిమిదేళ్లప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తే, నేను స్వయంగా చేసిన గుత్తివంకాయ కూర రెండోసారి వడ్డించాను. కంచం వైపు ఇలాగే చూసి, ఇదే గొంతుతో “ఓకే అంకుల్” అని మొత్తం తినేసింది. నాకు భలే గర్వంగా అనిపించింది. అప్పటినుంచి ఎప్పుడొచ్చినా రెండుసార్లు వడ్డిస్తూనే ఉన్నాను.

“తల్లీ,” అన్నాను, “నేను లేకపోతే ఏం చేసేదానివి?”

“ఇంటికెళ్లిపోయేదాన్ని. లైక్, ఆ బ్లాక్ పడగానే.”

“మరి నో అనొచ్చు కదా?”

“మీరు ఆల్రెడీ చెప్పేశారు కదా అంకుల్.”

“నేను చెప్పింది తీసేయ్. ఇప్పుడు చెప్పు.”

వాళ్ల నాన్న వైపు చూసింది. మంచులోకి చూసింది. “నో,” అంది, వినీ వినపడనట్టు.

“అరే, ముందే అనొచ్చు గదా బిడ్డా!”

“డాడీ, అంకుల్‌కి తెలుసు అన్నది నువ్వే!”

ఎక్కిన దారినే చెట్ల మధ్య నుంచి దిగాం. నాలుగుసార్లు పడ్డాను. నేను పడి లేచే రకాన్ని. ఆ వాలు పడితే లేవనిచ్చే రకం కాదు.

వారమంతా రోజూ రిపోర్టు చూశాను. ఆ వాలు మీద మంచేమీ విరిగి పడలేదు. “అన్నా, నీ కొండ గట్లనే ఉన్నది,” అని మిత్రుడు ఆఫీసులో ఏడిపించాడు. ఉంటుంది. మేం ముగ్గురం దాని మీదికి వెళ్లలేదు కాబట్టి ఉందో, వెళ్లినా ఉండేదో, ఇక ఎప్పటికీ తేలదు. కోడ్‌లో తప్పుచేస్తే ఎర్ర గీత చూపించే స్క్రీన్ ముందు ఇరవై ఏళ్లు బతికిన నాకు, అలా తేలకుండా ఉండిపోవడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఇప్పుడు గొయ్యి దగ్గర మాకు ఇంకో రూల్ ఉంది. అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి. అంతవరకు నా నోట్లో పులిహోర ఉండాలి. అది డబ్బాలో పెట్టి తెచ్చేది మిత్రుడే, కొసరి పెట్టేదీ ఆయనే.

ఆ ఏప్రిల్‌లో వాళ్లు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అలవాటుగా గరిటె ఎత్తాను. ఆ అమ్మాయి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు అంకుల్. నాకు వంకాయ చిన్నప్పటినుంచీ నచ్చదు.”

వాళ్ల నాన్న గతుక్కుమన్నాడు. కూర నా కంచంలోనే వేసుకున్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది, ఎవరూ చెప్పలేదు.