బకెట్లో అడవి ప్లమ్ కొమ్మలు

నేపర్‌విల్‌లో మేము ఇల్లు కొన్నది డెబ్బైల చివర్లో. పెరట్లో ఒక ప్లమ్ చెట్టు ఉండేది. మొదటి వసంతంలో ఆకు రాకముందే చెట్టంతా తెల్లగా పూసింది. మా ఆవిడ రోజూ హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళేముందు, కారు తాళాలు చేత్తో పట్టుకుని, ఒక్క నిమిషం దాని కింద నిలబడేది. జూన్ వచ్చేసరికి చెట్టు నిండా ఆకులే, ఒక్క కాయ లేదు. రెండో ఏడూ అంతే.

మూడో ఏడు, మొగ్గలు వేస్తుండగా, దాన్ని కొట్టించేద్దామన్నాను.

"పెళ్ళయి ఇన్నేళ్ళయినా మీకు కాఫీ పెట్టడం రాలేదు. మిమ్మల్ని ఉంచుకోలేదూ?" అంది మా ఆవిడ.

మేము పోట్లాడుకుంటున్నది తెలుగులోనే. కానీ నేను చేత్తో గొడ్డలి దెబ్బ చూపించడం కంచె అవతల నుంచి పక్కింటి పెద్దావిడ చూసింది. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. పక్క రాష్ట్రం అయోవాలో పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉండేది.

"చెట్టు తప్పేం లేదు," అంది కంచె మీద చేతులానించి. "దాని పుప్పొడి దానికి పట్టదు. మీరు షాపులో కొనే పెద్ద ప్లమ్‌లు వేరు, ఇక్కడి గట్ల మీద వాటంతటవే పెరిగే ముళ్ళ ప్లమ్‌లు వేరు. మీది ఆ రెండిటినీ కలిపి పుట్టించిన రకం. దానికి అడవి ప్లమ్ పువ్వు తోడుండాలి. మా నాన్న పూసిన కొమ్మలు కోసుకొచ్చి, బకెట్ నీళ్ళలో పెట్టి చెట్టుకి కట్టేవాడు."

నాకు నమ్మకం కుదరలేదు. మా ఆవిడ మాత్రం అప్పటికే శనివారం ప్రయాణం ఖాయం చేసేసింది.

పెద్దావిడ కార్‌లో ముందు కూర్చుని, చలిలోనే అద్దం దించి, మొక్కజొన్న పొలాల పక్కన నన్ను మెల్లగా డ్రైవ్ చేయమంది. ఒకచోట "ఆపు!" అంది. వాసన పట్టింది. మరో మలుపు తిరిగితే గట్టు పొడుగునా తెల్లటి పొద. ఆ పొలం రైతుని అడిగితే నవ్వి, కత్తెర కూడా ఆయనే ఇచ్చాడు. ముళ్ళు గీరుకుంటున్నా నేను చంకెడు కొమ్మలు కోశాను.

తిరిగి వస్తుంటే వెనక సీట్లో నుంచి మా ఆవిడ కేక. "ఏమండీ, మీ మెడ మీద తేనెటీగ! కదలకండి!"

"కదలకుండా ఎలా డ్రైవ్ చేయను?"

పెద్దావిడ తన టోపీతో దాన్ని మెల్లగా బయటికి తోలి, "అది మనకి కావలసినదే, పాపం," అంది.

కొమ్మలు రెండు బకెట్లలో పెట్టి చెట్టుకి వేలాడదీశాం. మర్నాడు చలి గాలి. ఒక్క తేనెటీగ లేదు. చర్చ్ నుంచి రాగానే మా ఆవిడ చీరైనా మార్చుకోకుండా ఒక అడవి కొమ్మ తీసుకుని మా చెట్టు పూలకి తాకించడం మొదలుపెట్టింది. అందనివాటికి నేను నిచ్చెన ఎక్కాను. పెద్దావిడ కింద కుర్చీ వేసుకుని "పైది, ఆ ఎడమ పక్కది" అని చెబుతూనే ఉంది. పుప్పొడికి నేను తుమ్మినప్పుడల్లా ఇద్దరూ నవ్వారు. సోమవారం ఎండ కాసి తేనెటీగలు కూడా వచ్చాయి.

జూన్‌లో ఒకరోజు మా ఆవిడ నా ఆఫీస్‌కి ఫోన్ చేసింది.

"కాయలండీ!"

"ఎన్ని?"

"లెక్కపెట్టకూడదు. దిష్టి."

ఆగస్టులో పండ్లు ఎర్రబడ్డాయి. మొదటి పండు పెద్దావిడకే ఇచ్చాం. రసం గడ్డం మీద కారుతుంటే తుడుచుకుని, "తినడానికి సరే. జామ్‌కి మాత్రం అడవివే," అంది. సరే, మళ్ళీ ఆ గట్టుకే వెళ్ళాం. అవి రేగుపండంత ఉంటాయి, ఎరుపూ పసుపూ కలిసిన రంగు. లోపల తీపి. తొక్క మాత్రం మందం, పళ్ళు పులిసేంత పులుపు. మా ఆవిడ ఒకటి కొరికి, ఒక కన్ను మూసి, "ఇది పచ్చడికే పుట్టిందండీ!" అంది.

ఆ వారం ఒక వంటింట్లో జామ్, ఇంకో వంటింట్లో ఎండుమిర్చి, మెంతిపిండి, ఇంగువ తాలింపు. సీసాలు కంచె మీదుగా చేతులు మారాయి. పెద్దావిడ వెన్న రాసిన రొట్టె మీద పచ్చడి పూసుకుని తిని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, ఇంకో రొట్టె ముక్క అందుకుంది.

మరుసటి వసంతంలో రైతునడిగి రెండు అడవి ప్లమ్ పిలకలు తవ్వుకొచ్చి కంచె పక్కన నాటాను. ఎనభైల మధ్యకొచ్చేసరికి అవి పొదై, కంచె కిందుగా వేళ్ళు పాకి, పెద్దావిడ గడ్డిలో మొలకెత్తాయి. ఆవిడకి పచ్చిక చక్కగా ఉండాలి, అది నాకు తెలుసు. పార పట్టుకుని వెళ్ళి, క్షమాపణ చెప్పి, తవ్వేస్తానన్నాను.

"ముట్టుకోకు," అంది.

పార భుజాన వేసుకుని వెనక్కొచ్చాను. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ అడిగింది. "ఏమంది? కోప్పడిందా?"

"లేదు. తన కిటికీకి ఎదురుగా ఇంకో రెండు నాటమంది."

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి, పిలకలు ఎంచడానికి తనే పెరట్లోకి వచ్చింది.