పెయింటర్ గదిలో రేడియో

కటింగ్ షాపు నడిపే అతన్ని అందరూ రేడియో అనే పిలుస్తారు. కత్తెర ఆగినా అతని నోరు ఆగదు. నోట్లో నువ్వుగింజ నానదు గానీ, మనసు మాత్రం వెన్న.

అతని చిన్ననాటి నేస్తం పెయింటర్ పరంజా మీంచి పడి, నడుము విరిగి మంచాన పడ్డాడు. అప్పట్నుంచీ షాపు కట్టేయగానే రేడియో వాళ్ళింట్లోనే తేలేవాడు. గడ్డం గీసి, పక్కకు ఒత్తిగిల్లించి, కబుర్లన్నీ ఒలకబోసేవాడు. ఆ గదికి ఒక్కటే కిటికీ. దానికెదురుగా పక్కింటి గోడ, ఒకప్పుడు పెయింటర్ రంగు వేసిందే. ఇప్పుడు పొద్దస్తమానం దాన్నే చూస్తూ పడుండాలి.

ఒకరోజు సబ్బు పూస్తుంటే పెయింటర్ అన్నాడు: "దేవుడికి నా గొంతు వినపడట్లేదురా. ఈ మాట ఇంకెవరితోనూ అనకు."

రేడియో అనలేదు, ఆదివారం దాకా. చర్చి ఆరాధనలో ప్రార్థన అవసరతలు చెప్పమనగానే లేచి, "దేవుడు తన గొంతు వినట్లేదంటున్నాడు నా స్నేహితుడు, వాడి విశ్వాసం కోసం ప్రార్థించండి" అని కళ్ళనీళ్ళతో చెప్పేశాడు. ప్రేమతోనే చెప్పాడు పాపం. ప్రేమ ఉన్నంత మాత్రాన నోటికి తాళం పడుతుందా?

మర్నాడే సంఘపెద్ద ఓ గుంపును వెంటేసుకొచ్చి మంచం చుట్టూ నిలబెట్టాడు. దాచుకున్న పాపమేదైనా ఉంటే ఒప్పుకోమన్నాడు. కదల్లేని మనిషి ఎక్కడికి పారిపోతాడు? గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం పెయింటర్ భార్య రేడియోను గుమ్మంలోనే ఆపేసింది. "ఆయన మిమ్మల్ని రావద్దన్నారన్నయ్యా."

అయినా అతను రోజూ వెళ్ళి గుమ్మం బయట నిలబడేవాడు. చివరికి లోపల్నుంచి పెయింటర్ గొంతు వినిపించింది: "రానీ. నోరు విప్పితే మాత్రం గెంటెయ్."

ఇక రేడియోకి ఆ గది జైలే. మందుల వాసన, మూలుగులు, మధ్యమధ్య తిట్లు. కూర్చున్న ప్రతిసారీ పారిపోదామనిపించేది. "తిట్లు తినడానికి రోజూ వెళ్ళాలా?" అని ఇంట్లో భార్య సణుగుడు. అతనికి మాత్రం ప్రభువు సిలువకు ముందు తోటలో కుమిలిపోయిన రాత్రి గుర్తొచ్చేది. శిష్యుల్ని ఆయన ప్రసంగాలు చెయ్యమనలేదు, మేలుకుని ఉండమన్నాడంతే. అదీ వాళ్ళ చేత కాలేదు.

ఒక సాయంత్రం గడ్డం సగం గీశాడో లేదో, సంఘపెద్ద మళ్ళీ మనుషులతో దిగాడు. పెయింటర్ దుప్పటిని గట్టిగా పట్టుకున్నాడు. రేడియో కత్తి పక్కన పెట్టి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇవాళ వద్దు పెద్దాయనా. వాడు నన్ను నమ్మి చెప్పుకున్నది మీ అందరిలో చాటడం నా తప్పు."

"ప్రార్థనకే అడ్డం వస్తావా? వాడితోపాటు నువ్వూ మునిగిపోతావు తమ్ముడూ."

"మునిగితే మునుగుతాను."

పెద్దాయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ సంఘం తప్ప రేడియోకి వేరే లోకం లేదు.

"నీకూ దారి మూసుకుపోయింది," అన్నాడు పెయింటర్. "నేనంటే లేవలేను. నీకు కాళ్ళున్నాయిగా, పో."

"పోవాలనే ఉందిరా."

"మరి?"

"ఆరోజు సంఘంలో సగమే చెప్పాను. నువ్వు పడ్డప్పట్నుంచీ దేవుడికి నా గొంతూ వినపడట్లేదు. ఆ సంగతి నీ ఒక్కడి మీదకే తోసేశాను."

పెయింటర్ దుప్పటి వదిలి అతని చెయ్యి పట్టుకున్నాడు. సగం గీసిన గడ్డం మీద సబ్బు ఆరిపోతోంది.

"అయితే ఇద్దరి తరఫునా దేవుణ్ణి నువ్వే అడగరా," అన్నాడు. "నీ గొంతు పెద్దది."