తెచ్చినవాళ్ళ తప్పు కాదు

నాకు కోపం ముందు, ఆలోచన తరవాత. మా అమ్మ ఈ మాట నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది, నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూనే ఉన్నాను. ఆ కోపం వల్ల ఒకసారి ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఇన్నేళ్ళకి ఆ సంగతి రాయాలనిపించింది.

అప్పుడు నేను సికింద్రాబాదులో ఒక ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి ఊగిపోతున్న రోజులు. నాతో ఎమ్మెస్సీ చదివినవాళ్ళలో సగంమంది అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నారు. మా బావగారు మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా "ఇంకా ఆ కణాలేనా?" అని అడిగేవారు. ఆ కణాలే.

ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం ఏం చేస్తుందో చూడటం నా పని. మన కణాల్లో ఒక ప్రొటీన్ ఉంది. కణం దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది, గాలి బాగా ఆడుతున్నంతసేపు విరగ్గొట్టి పారేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గిందంటే ఆ విరగ్గొట్టడం ఆపేస్తుంది. అప్పుడు ప్రొటీన్ పోగుపడి, ఉన్న కాస్త గాలితోనే కణం బతకడానికి కావలసిన ఏర్పాట్లన్నీ మొదలుపెడుతుంది. అంత బుద్ధి ఆ చిన్న కణానికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకు ముచ్చటగా ఉండేది. కానీ ఆ ప్రొటీన్ కంటికి కనబడదు. దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీ కావాలి. వేల ప్రొటీన్ల మధ్య ఆ ఒక్కదాన్నే వెతుక్కుని అంటుకునే మందు అనుకోండి. అది అంటుకున్నచోట, చివరికి ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఒక నల్లటి గీత పడుతుంది. ప్రొటీన్ లేకపోతే గీత లేదు.

ఇలాంటి యాంటీబాడీలు విదేశం నుంచి వేలెడంత సీసాల్లో, అడుగున కొన్ని చుక్కలుగా, ఐసు మధ్య వచ్చేవి. వాటిని బేగంపేట విమానాశ్రయంలో తీసుకుని మాకు చేర్చేది చిలకలగూడలో ఒక చిన్న డీలరు దగ్గర పనిచేసే ఆయన. నలభై అయిదేళ్ళుంటాయి. స్కూటరు మీద కాళ్ళ దగ్గర థర్మాకోల్ డబ్బా పెట్టుకుని, రెండు మోకాళ్ళతో దాన్ని నొక్కిపట్టి నడిపేవాడు. సంతకం చేయించుకుని, "జెర జల్దీ ఫ్రీజర్ల పెట్టుండ్రి మేడం" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఈయన చెబితేగానీ నాకు తెలియదా అని ప్రతిసారీ చిరాకు పడేదాన్ని.

ఆ వేసవిలో, నా ప్రొటీన్‌ని పట్టే యాంటీబాడీ సీసా మొదటిసారి తెప్పించుకుని, దాంతో మూడుసార్లు ప్రయోగం చేశాను. మూడుసార్లూ ఫిల్మ్ ఖాళీ. సరిచూసుకోవడానికని వెతికిన ఇంకో మామూలు ప్రొటీన్ మాత్రం వేరే యాంటీబాడీతో చక్కగా కనబడింది. అంటే నా చేతిలో తప్పు లేదు. ఇక మిగిలింది మే నెల ఎండ, స్కూటరు, ఆ మనిషి. దారిలో ఎక్కడో చాయ్‌కి ఆగి ఉంటాడు, మందు చెడిపోయింది అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే నేనెందుకవుతాను? చల్లదనం కాపాడకుండా తేవడం వల్లే యాంటీబాడీ పాడైందని కంపెనీకి ఖరాఖండీగా ఉత్తరం రాసి, మా గైడు సారు చేత సంతకం పెట్టించి, డీలరుకి ఒక కాపీ కూడా పంపాను.

వారం తిరక్కుండా ఆయన వచ్చాడు. చేతిలో డబ్బా లేదు. చెప్పులు బయట విడిచి ల్యాబు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఐసు కరగలే మేడం. దారిల ఎక్కడ సుత ఆగలే. సీదా మీ దగ్గరికే వచ్చిన."

"మరి నా ఫిల్మ్ ఎందుకు ఖాళీగా ఉంది?" అన్నాను.

"గదంతా నాకేం ఎరుక మేడం. కంపెనీకెల్లి జవాబు రానీ అన్నడు మా సేటు. తప్పు నాదే అని తేలితే ఈ నెలతోటి నా పని బంద్. ఈ వయసుల నాకు కొత్త పని ఎవరిస్తరు? జెర ఇంకోసారి చేసి చూడుండ్రి."

చూస్తానన్నాను. చూసే ఉద్దేశం లేదు. ఆయన వంగి చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంటే కూడా నాకు జాలి కలగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం నాన్న బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళి వంకాయలు తెచ్చారు. నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా, ఆదివారం వంకాయకూర లేకపోతే మా ఇంట్లో ఎవరికీ సెలవు అనిపించేది కాదు. అమ్మ కత్తిపీట నా ముందుకి తోసింది. నేను దాన్ని హాల్లోకి పట్టుకెళ్ళి, టీవీ చూస్తూ తీరిగ్గా కాయలన్నీ తరిగి, పళ్ళెం వంటింట్లోకి తీసుకెళ్ళేసరికి ముక్కలు నల్లబడ్డాయి.

"ఇవి మంచి వంకాయలు కావమ్మా. ఎవడో నాన్నకి అంటగట్టేశాడు" అన్నాను.

అమ్మ ఒక ముక్క తిప్పి చూసింది. "కాయల్నంటావేటే? ఎండలో అంతదూరమెళ్ళి ఏరి ఏరి తెచ్చిన మనిషినంటావేటి? ఉప్పునీళ్ళ గిన్నె పక్కనెట్టుకోకుండా కత్తిపీట ముందు కూర్చుంటారా ఎవరైనా? నీ చేతిలోకొచ్చేదాకా అవి బాగానే ఉన్నాయి."

గాలి తగిలి నల్లబడ్డ ఆ ముక్కల్ని చూస్తుంటే నాకు నా కణాలు గుర్తొచ్చాయి. ల్యాబులో కణాలకి ఆక్సిజన్ తగ్గించే పెట్టె నాది కాదు, రెండో అంతస్తులో ఇంకో విభాగంవాళ్ళది. కణాల్ని చంపి, లోపలున్నదాన్ని ఉన్నట్టుగా ఆపేసే చల్లటి ద్రావణం, ఐసు మాత్రం కింద నా బల్ల మీద ఉండేవి. పెట్టె తెరిచి, కణాలున్న పళ్ళేలు తీసుకుని, తలుపు దగ్గర రిజిస్టర్లో టైమువేసి సంతకం పెట్టి, మెట్లు దిగి వచ్చేదాన్ని. గాలి తగిలిన క్షణం నుంచీ కణం ఆ ప్రొటీన్‌ని మళ్ళీ విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, నిమిషాల్లో అది మాయమవుతుంది. ఇది నాకు తెలియదా? తెలుసు. చదివి, కింద గీత కూడా గీసుకున్నాను. నేను త్వరగానే నడుస్తానుగా అనుకున్నాను, అంతే.

సోమవారం పొద్దున్నే ఆ రిజిస్టరు తెరిచి, నా నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. పైన సంతకానికీ కింద ఐసుకీ మధ్య మొదటిసారి పన్నెండు నిమిషాలు, రెండోసారి పద్నాలుగు. మూడోసారి ఇరవై రెండు. ఎందుకా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆ రోజు ఒక స్నేహితురాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని మెట్ల మీద అందరికీ మైసూర్‌పాక్ పంచింది. నేను ఒక చేత్తో కణాల పళ్ళేలు పట్టుకుని, ఇంకో చేత్తో మైసూర్‌పాక్ తింటూ కబుర్లు చెప్పాను. దారిలో ఆగింది ఆయన కాదు, నేను.

మంగళవారం ఐసు బకెట్టు, ద్రావణం అన్నీ రెండో అంతస్తుకి మోసుకెళ్ళి, పెట్టెకి ఆనించి పెట్టుకుని, అప్పుడు మూత తీశాను. పళ్ళెం ఇలా తీసి అలా ఐసు మీద పెట్టి ద్రావణం పోసేశాను. మర్నాడు మధ్యాహ్నం చీకటిగదిలో ఫిల్మ్ కడుగుతుంటే గీత తేలింది. మామూలు గాలిలో ఉంచిన కణాల వరసలో ఏమీ లేదు, ఆక్సిజన్ తగ్గించిన వరసలో మాత్రం దిట్టంగా, నల్లగా ఉంది. అదే సీసా, నేను చెడిపోయిందని రాసిన సీసా. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆయన ముఖం గుర్తొచ్చేదాకా ఒక్కదాన్నే ఆ చీకట్లో నవ్వుతూ నిలబడ్డాను.

ఈలోగా కంపెనీ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మందు దారిలోనే చెడిందన్న ఫిర్యాదు ఒప్పుకుంటున్నామని, కొత్త సీసా ఉచితంగా పంపుతామని. సారు నా ఫిల్మ్ చూసి మురిసిపోయి, "ఇంకేం అమ్మాయ్, ఒకటి ఉంది, ఇంకోటి వస్తోంది. నీ థీసిస్ మొత్తం గడిచిపోతుంది. ఇప్పుడు తప్పు మనదని రాస్తే ల్యాబు పరువేం కాను? ఊరుకో" అన్నారు.

అబద్ధమెందుకు, ఊరుకుందామనే అనిపించింది. ఆ రెండో సీసా అంటే నాకు ఆశ ఉంది. ఒక పూటంతా బల్ల దగ్గర ఆ ఫ్యాక్స్ పెట్టుకుని కూర్చున్నాను. నల్లబడ్డ ముక్కల్ని నాన్న మీదకి నెట్టేసినట్టే ఉంది ఈ పని కూడా. సాయంత్రానికి ఉత్తరం రాశాను: యాంటీబాడీ చల్లగానే చేరింది, బాగా పనిచేస్తోంది, ఖాళీ ఫిల్ములకి కారణం నేనే, కొత్త సీసా అక్కర్లేదు. సారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "తప్పు ఒప్పుకోవడం కూడా ఇంత కోపంగానా?" అని సంతకం పెట్టారు.

కాపీ పట్టుకుని నేనే చిలకలగూడ వెళ్ళాను. మందుల షాపు మీద ఒకటే గది. సేటు టేబుల్ దగ్గర ఉన్నాడు, ఆయన నేల మీద కూర్చుని ఖాళీ డబ్బాలకి తాళ్ళు కడుతున్నాడు. సేటు చదివి, కాగితం మడిచి, "చలో, ఖతం. రేపు ఎయిర్‌పోర్టుకి నువ్వే పో" అన్నాడు ఆయనతో.

దారి పొడుగునా నేను చెప్పాల్సింది వల్లెవేసుకుంటూ వచ్చాను. తీరా ఎదుట నిలబడితే "మీ తప్పు కాదండీ, నాదే. నన్ను క్షమించండి" అని మాత్రం వచ్చింది.

"గట్ల అనకుండ్రి మేడం" అని లేచి, నా చేతిలో కవరు చూశాడు. "గదేంది?"

ఫిల్మ్ తీసి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. నేను గోటితో గీత చూపించి, "గాలి తగ్గితే కణాలు బతకడానికి చేసే ఏర్పాటు ఇది. మీరు తెచ్చిన మందు అంటుకుంది కాబట్టే కనబడింది" అన్నాను.

చాలాసేపు చూశాడు.

"పన్నెండేండ్ల సంది మోస్తున్న మేడం. లోపటున్నది ఏం పని చేస్తదో నాకెవ్వరు సుత చూపెట్టలే" అన్నాడు. ఫిల్మ్ కిందికి దించకుండానే, "ఇది నేను ఉంచుకోనా?" అని అడిగాడు.

ఇచ్చేసి వచ్చాను. నా థీసిస్‌లో ఉన్నది ఆ తరవాత ఇంకోసారి చేసి తీసిన ఫిల్మ్.