తిప్పనని మాటిచ్చిన నోరీన్

మా నోరీన్ తన పెళ్ళి విందులో మొట్టమొదట చేసిన పనేమిటో చెబితే నమ్మరు. మా అన్నయ్య క్లైవ్ ముద్దు కోసం ముఖం ముందుకు చాపి నిలబడ్డాడు. చుట్టాలంతా చప్పట్లకి చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు. ఈవిడ చూపేమో కేకు ప్లేటు మీద ఉంది. కేకు ముక్క తీసి పక్కన పెట్టి, ప్లేటు బోర్లించి, అడుగున ఉన్న ముద్ర చదివి, "మనదే" అని తృప్తిగా తలాడించి, అప్పుడు ముద్దిచ్చింది. అది చూసి మా అమ్మ నా చెవిలో, "పరవాలేదు, పిల్ల మనదే" అంది.

ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ మా స్టోక్‌లో పుట్టినవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. హోటల్‌కి వెళ్ళినా, చావింటికి వెళ్ళినా, చేతికి కప్పు రాగానే ముందు అడుగు చూస్తాం. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో తెలియకుండా గుటక దిగదు. మా అమ్మలూ అమ్మమ్మలూ మట్టి పిసికి మమ్మల్ని పెంచారు, ఆ మాత్రం చూడకపోతే ఎలా? కాకపోతే నోరీన్‌ది మరీ ముదిరిన జబ్బు. ఒకసారి సెలవులకి స్పెయిన్ వెళ్ళి, పక్క టేబుల్ మీది గిన్నె ఖాళీదనుకుని తిప్పేసింది. దాన్నిండా సూపు ఉంది. ఆ పెద్దమనిషి ప్యాంటు సంగతి క్లైవ్ పోయేదాకా చెప్పి చెప్పి నవ్వేవాడు.

నోరీన్ మేచిన్ అంటే హాడన్ పింగాణీ ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. బడి వదిలిన వారమే అక్కడ చేరి, కప్పులకి పిడులు అతికించే బల్ల దగ్గర కూర్చుంది. పక్క బల్ల నాది. ఆమె పిడి అతికించిన కప్పు నాకిచ్చేది, నేను తడి స్పాంజితో అతుకు నున్నగా తుడిచేదాన్ని. పొద్దున్న పదింటికి ఓట్స్ అట్టులో చీజ్ పెట్టుకుని, మట్టి చేతులు కడుక్కుని, అదే బల్ల మీద ఇద్దరం తినేవాళ్ళం. "రాణిగారు తాగినా రోడ్డు కూలీ తాగినా ముందు పట్టుకునేది నా పిడినే, గ్వెన్" అనేది నాతో. ఆ మాట అన్నప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చునేది.

క్లైవ్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. గని మూసేశారు. మిగతాదంతా మార్కెట్టే చూసుకుంటుందన్నారు లండన్ పెద్దలు. మార్కెట్టు చూసుకోలేదు, నోరీన్ చూసుకుంది. ఆ పిడుల మీద వచ్చిన జీతంతోనే ఇద్దరు పిల్లలు చదువుకున్నారు, క్లైవ్ దగ్గు మందులూ వచ్చాయి.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ మా ఊరికి ఒక కొత్త మాట మోసుకొచ్చింది. ఒకరు పునరుజ్జీవనం అన్నారు. ఇంకొకరు లండన్ ఉన్న దక్షిణాదితో సమానం చేస్తామన్నారు. ఆ పైన వచ్చినవాళ్ళు వృద్ధి, వృద్ధి అని చెవులు హోరెత్తించారు. మాట మారినప్పుడల్లా ఒక బోర్డు పాతేవారు, ఒక ఫ్యాక్టరీ పడగొట్టేవారు. నేను పుట్టిన వీధిలో మూడు ఫ్యాక్టరీలుండేవి. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకునే ఖాళీ జాగా ఉంది, దాని పక్కన పార్సిళ్ళు కట్టే రేకుల షెడ్డు ఉంది. మా మనవలు అందులో చెమటలు కక్కుకుంటూ పరిగెడుతుంటారు. దీన్నే వృద్ధి అంటారు కాబోలు! నాకు ఒళ్ళు మండుతుంది, ఇంకా మండుతూనే ఉంది.

అలాంటి రోజుల్లో గ్యాసు ధర ఆకాశానికెక్కింది. పింగాణీ అంటేనే నిప్పు. మా బట్టీ రాత్రింబగళ్ళు వెలుగుతూ ఉండాలి. ఒకసారి చల్లార్చి పనివాళ్ళని ఇళ్ళకి పంపేస్తే మళ్ళీ అందరినీ పోగుచేసి వెలిగించడం కల్ల. ప్రభుత్వం ఉక్కు వాళ్ళకి సాయం చేసింది, రసాయనాల వాళ్ళకి చేసింది. మట్టి వాళ్ళని మాత్రం మరిచిపోయింది. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు మాకు. అంతకుముందే ఒకే ఏడాదిలో ముగ్గురు ప్రధానమంత్రులు మారారు. మా క్యాంటీన్‌లో కెటిల్ మార్చడానికి కూడా అంతకంటే ఎక్కువ ఆలోచించాం.

ఒక సోమవారం మా యజమాని జెరోమ్ హాడన్ మమ్మల్నందరినీ పిలిచాడు. తాతల నాటి ఫ్యాక్టరీ వాళ్ళది. నోరీన్ అతన్ని నిక్కర్ల నాటి నుంచీ ఎరుగును.

"నా దగ్గర ఇంక దాచడానికేం లేదు. ఈస్టర్ దాకా లాగగలను. గ్యాసు సాయంలో మనల్ని కూడా కలిపితే నిలబడతాం. లేకపోతే పండగ రోజు బట్టీ ఆర్పేయాల్సిందే. వచ్చే వారం మంత్రిగారు మన ఫ్యాక్టరీకి వస్తున్నారు. మనకున్న ఆశ అదొక్కటే" అన్నాడు.

అచ్చులు చేసే ముసలి ఆల్ఫ్ బ్లూర్, "మంచి సూటేసుకుని రమ్మంటావా, డక్?" అన్నాడు. మా ఊళ్ళో ఆప్యాయంగా పిలిస్తే మేయరైనా డక్కే, మంగలైనా డక్కే, ఇంటి పిల్లి అయినా డక్కే.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున్నే ఆయన సహాయకుడు జాస్పర్ అనే కుర్రాడు వ్యానులో దిగాడు. జుట్టు నిగనిగ, బూట్లు తళతళ. వెనక అట్టపెట్టెలు దింపించాడు. కాసేపటికి జెరోమ్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"టీకి మన కప్పులు వద్దట. వాళ్ళే తెచ్చుకున్నారు. 'దేశం పెరుగుతోంది' అని వాటి మీద అచ్చేసి ఉంది. ఫొటోల్లో అది కనబడాలట" అన్నాడు.

నోరీన్ చేతిలో పిడి అలాగే ఆగిపోయింది. "పింగాణీ ఫ్యాక్టరీకి కప్పులు తెచ్చారా? నువ్వు అడుగు చూశావా?"

"చూశాను."

"ఎక్కడివి?"

"అడక్కు నోరీన్, నీకు పుణ్యముంటుంది. అందరికంటే ముందు నీ దగ్గరికే వచ్చాను. ఇవాళ ఒక్కరోజు కప్పు తిప్పకు. నువ్వు తిప్పావంటే అందరూ తిప్పుతారు. కెమెరాల ముందు ఆయన్ని నవ్వులపాలు చేస్తే ఇంక సాయం మాట మరిచిపోవాల్సిందే."

నోరీన్ ఆగిన పిడిని కప్పుకి అతికించింది. "సరే, తిప్పను. నేను మాటిస్తే తప్పనని నీకు తెలుసు" అంది.

క్యాంటీన్‌లో మమ్మల్నందరినీ మంత్రిగారికి ఎదురుగా వరసల్లో కూర్చోబెట్టారు. ఆ కప్పులు చేతికిచ్చారు. అబ్బ, ఏం చెప్పను! చేతులు దురద పెట్టడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నేను ఎడంచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆల్ఫ్ వేళ్ళు కప్పు అడుగు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాయి.

"నోరీన్, ఒక్కసారి. ఓరగా" అని గొణిగాడు.

"నోరు మూసుకుని మంత్రిగారి ముఖం చూడు" అంది నోరీన్.

"ముఖం కింద ఏం రాసుంటుంది, డక్!"

మంత్రిగారు మాట్లాడారు, మాట్లాడారు, టీ చల్లారేదాకా మాట్లాడారు. మా ఊరి గతం గర్వించదగ్గదట. భవిష్యత్తు అంతకంటే గొప్పదట. వృద్ధి రైలు కదిలిందట, మేమంతా ఎక్కాలట. ఎక్కడ ఆగుతుందో మాత్రం చెప్పలేదు. చివరికి ప్రశ్నలుంటే అడగమన్నారు. నోరీన్ చెయ్యెత్తింది.

"గ్యాసు సంగతేంటి, డక్?"

జాస్పర్ కనుబొమలు పైకి లేచాయి. మంత్రిగారు మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు. "చూడండమ్మా, ప్రభుత్వం అందరినీ ఒకేసారి ఆదుకోలేదు. దేశానికి ఏవి ముఖ్యమో చూసుకోవాలి. ఉక్కు లేకపోతే దేశం నడవదు. కప్పులంటారా..." అని తన చేతిలోని కప్పు కాస్త పైకెత్తి, "ఇవి ఎక్కడైనా దొరుకుతాయి కదా!" అన్నారు.

జెరోమ్ కళ్ళు మూసుకున్నాడు. ఆశపడ్డ ఆ ఒక్కటీ అక్కడే అయిపోయిందని మా అందరికీ అర్థమైంది. నేను నోరీన్ మెడ చూశాను, ఎర్రగా కందిపోయింది. ఇప్పుడు తిప్పుతుంది, తిప్పి ఆయన ముఖాన కొడుతుంది అనుకున్నాను. దేవుడా, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది. కప్పు తిప్పలేదు.

"మంత్రిగారూ, మా ఊరికి అతిథిగా వచ్చారు. మిమ్మల్ని ఊరికే పంపిస్తే మాకు మర్యాద కాదు. మీ వృద్ధి పేరు చెప్పుకుని అందరం కలిసి తాగుదాం. టీ ఎలాగూ చల్లారింది, ఒక్క గుక్కలో లాగించేద్దాం. చుక్క మిగల్చకూడదు. ఏం?"

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. ఫొటోకి ఇంతకంటే ఏం కావాలి? "వృద్ధికి!" అని గట్టిగా అని కప్పు ఎత్తారు. మేమంతా లేచి కప్పులు ఎత్తాం. ఆయన తల వెనక్కి వాల్చి ఆఖరి చుక్క దాకా తాగారు. ఆయన కప్పు అడుగు తిన్నగా మా కళ్ళ ఎదురుగా నిలిచింది. మా కప్పుల అడుగులన్నీ వరసగా కెమెరాల కేసి నిలిచాయి. ఒక్కోదాని కిందా పచ్చ స్టిక్కరు, దాని మీద ఎక్కడో సముద్రాల అవతలి దేశం పేరు ఇంతేసి అక్షరాల్లో ఉంది. ఆ జాస్పర్‌కి స్టిక్కరు పీకించాలన్న ఆలోచనైనా రాలేదు. కప్పు అడుగు ఎవరైనా చూస్తారని తెలిస్తే కదా!

ఆ దేశం పనివాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళూ మాలాగే మట్టి పిసికి పొట్ట పోసుకునేవాళ్ళే. నా కోపమంతా మా ముంగిట్లో నిలబడి మా పని ఎక్కడైనా దొరుకుతుందన్న మనిషి మీద.

ముందు ఆల్ఫ్ పకపకా నవ్వాడు. తర్వాత వెనక వరస. తర్వాత క్యాంటీన్ పైకప్పు ఎగిరిపోయేలా అందరూ నవ్వారు. కెమెరాలు టకటకా కొట్టుకున్నాయి. జాస్పర్ పరిగెత్తుకొచ్చి మంత్రిగారి చేతిలోంచి కప్పు లాక్కున్నాడు. ఆయనకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. చొక్కా మీద టీ ఒలికిందేమోనని చూసుకున్నారు.

కార్లు వెళ్ళిపోయాక జెరోమ్ వచ్చాడు. "మాటిచ్చావు కదా, నోరీన్!"

"తిప్పానా? నా చెయ్యి తిరిగిందేమో నువ్వే చెప్పు. టీ ఇచ్చారు, తాగాను."

జెరోమ్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇంతమంది ఇళ్ళు దీని మీదే నడుస్తున్నాయి" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నోరీనూ నేనూ కలిసి బస్సు దిగాం. మా వీధి మలుపులో తను నా చెయ్యి పట్టుకుని, "కోపంలో అందరి పొట్టా కొట్టానంటావా, గ్వెన్?" అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అంతటి మనిషిని అలా చూడటం నాకు అదే మొదటిసారి. "ఆ మంత్రి ఎలాగూ సాయం ఇచ్చేవాడు కాదు. నాకు మాత్రం ఈ రోజు కడుపు నిండిపోయింది" అన్నాను. అది నిజం. మా ఊళ్ళో పుట్టినందుకు నేను అంతగా ఎప్పుడూ పొంగిపోలేదు.

మర్నాడు దేశమంతా ఆ ఫొటో చూసింది. కొన్నాళ్ళకి మంత్రిని మార్చేశారు. మా వల్లేనని చెప్పుకోవాలని నాకూ ఉంది కానీ, అప్పట్లో మంత్రులు మారడానికి కారణమేమీ అక్కర్లేదు. గ్యాసు సాయం రాలేదు. వచ్చింది వేరే. లీడ్స్ నుంచి ఒక టీ కొట్టు ఆవిడ ఫోను చేసింది, మీ ముద్ర ఉన్న కప్పులు పంపమని. తర్వాత వేల్స్‌లో ఒక బడి. సముద్రపు ఒడ్డున చేపలు వేయించి అమ్మే దుకాణం. చర్చి హాళ్ళు, పెళ్ళిళ్ళ వాళ్ళు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు. ఈస్టర్ వచ్చింది. జెరోమ్ బట్టీ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడి, తిరిగి ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. బట్టీ ఆరలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం జెరోమ్ మా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లండన్ నుంచి ఆర్డరు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయమే. అన్నీ మన కప్పులే కావాలట. బయట ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఊళ్ళోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చెప్పంలే" అన్నాడు ఆల్ఫ్.

నోరీన్ నవ్వలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, ఆ ఆర్డరు పిడులు ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా అన్నీ తనే అతికించింది. కప్పులు కాలి, మెరుపు పూత పడి, అడుగున మా ఊరి పేరు ముద్ర పడ్డాక, సర్దే గదికి కూడా తనే వెళ్ళింది. సర్దే పని చేసే కెల్లీ కప్పుల్ని నిలబెట్టి పెట్టెలో పెడుతోంది. నోరీన్ వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, బోర్లించి, అడుగులు పైకి ఉండేలా మళ్ళీ సర్దడం మొదలెట్టింది.

"అలా పెడితే తెరవగానే బొమ్మ కనబడదు, డక్" అంది కెల్లీ.

"ముందు మన పేరు కనబడాలి" అంది నోరీన్, ఆఖరి కప్పు బోర్లిస్తూ. "వాళ్ళకి పాపం తిప్పి చూసే అలవాటు లేదు."