బండి తిప్పమన్న గొంతు

నవ్వుతరని తెల్సు. నవ్వుండ్రి. నా బిడ్డ మీద ఒట్టు, ఇది నిజంగ జరిగింది.

కొల్లాపూర్ కాడ మా మామిడితోట. ఒకనాడు మాపున అన్న తువ్వాల దులుపుతుంటె చెయ్యి పడిపోయింది. మూతి ఒక దిక్కు వంకర పోయింది. మాట... బంద్. ఒకటే మూలుగుడు.

పెరాలిసిస్ అంటె మా దిక్కు ముందుగాల యాదికొచ్చేది పావురం నెత్తురు. అచ్చంపేట అవుతల ఒకాయన అప్పటికప్పుడు కోసి ఒంటికి రాస్తడు. మా మామకు గూడ అక్కడ్నే రాపిచ్చినం. నేనేమన్న డాక్టర్నా? అన్నను కార్ల ఎన్క సీట్ల పండవెట్టిన. వదిన ఆయన తల ఒళ్లె వెట్టుకున్నది.

నాగర్‌కర్నూల్ కాడ అచ్చంపేట దిక్కు తిరిగిన. చీకటి. రోడ్డు మీద మనిషి లేడు. వదిన ఏడుపు గూడ ఆగింది. అన్న ఊపిరి... గుర్... గుర్... గంతే.

గప్పుడు... ఎన్కకెళ్లి. జర మెల్లగ.

"బండి తిప్పు. పట్నం పోదాం."

అన్న గొంతు. సాఫ్‌గ. రోజు తోట్ల నన్ను తిట్టే గొంతే. బ్రేకేసి అద్దంల చూసిన... మూతి అట్లనే వంకర. కండ్లు మూసే ఉన్నయి.

"ఏంది శీనూ, ఎందుకు ఆపినవ్?" అన్నది వదిన. ఆమెకేం ఇనవడలే.

భయంతోటె తిప్పిన.

పట్నం దవాఖానల డాక్టరమ్మ, ఎప్పుడైందని అడిగింది. ఆలస్యమైనకొద్ది మెదడు చస్తదంట. తొడ కాడ్నుంచి నరంల సన్నటి పైపు మెదడు దాక పోనిచ్చి, అడ్డం పడ్డ నెత్తురు గడ్డను గుంజి తీస్తమన్నది. సంతకం పెట్టిన. తలుపు మూసిండ్రు. పావురం నెత్తురు రాస్తె పోయేదానికి తల్కాయలకు పైపు వెట్టిస్తున్ననా... ఏమన్నయితే వదినకు ఏ మొఖం సూపియ్యాలె? కూసోలేను, నిలవడలేను.

గడ్డ బయటికొచ్చింది. వడ్లగింజంత లేదు.

దార్ల మాట్లాడిండని డాక్టరమ్మకు చెప్పిన. ఆమె తల అడ్డంగ ఊపింది. మాటకు నెత్తురు పోయే నరమే మూసుకపోయిందంట. ఒక్క మాట గూడ వచ్చేది కాదన్నది.

కొన్నొద్దులకు అన్నకు మెల్లమెల్లగ మాటలొచ్చినయి. వదిన లేనప్పుడు అడిగిన.

"అన్నా, దార్ల పట్నం పోదామంటివి గదా?"

అన్న తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించిండు.

"నేను... అనలే. నాకు ఇంటికి పోవాల్నని ఉండె." ఊపిరి తీసుకున్నడు. "నాకు గూడ... ఇనవడ్డది. నీ గొంతే గదరా అది."

ఆ దార్ల నేనొక్క మాట గూడ అట్ల అనలే. కార్ల మేం ముగ్గురమే ఉంటిమి. అదేందో నాకిప్పటికీ తెల్వదు... అన్న మాత్రం ఇప్పుడు ఎన్క సీట్ల కూసోడు.