తమ్ముడి బండికి కొత్త సైలెన్సర్

నేను ఎత్తుకొని పెంచిన ఆఖరి తమ్ముడు తన బండికున్న కంపెనీ సైలెన్సర్ తీయించి, మా పేట మురుంగపాక్కమంతా వినపడేది బిగించుకున్నాడు. అప్పటినుంచి రోజూ దీపం పెట్టే వేళ ఆ చప్పుడు మా వాకిలి దాటిపోయి, వీధి చివర మా చెల్లెలి ఇంటి ముందు ఆగడం వింటున్నాను. ఇన్నాళ్లూ వాడు అటు వెళ్తున్నట్టు నాకు తెలియనే లేదు.

ఈ సాయంత్రం వాకిట్లో నిలబడి వాణ్ణి ఆపాను. పాత సైలెన్సరే పెట్టించుకోమన్నాను.

“ఏంది పెద్దక్కా, పూజకు అడ్డంగా ఉందా?”

“అవునురా.”

“చిన్నక్క అయితే ఈ సౌండు వింటానే దోశ పోస్తాది. సరేలే, ఇంక నీ ఇల్లు దాటేదాకా ఇంజిన్ ఆపి తోసుకొని పోతా.”

అన్నట్టే తోసుకుంటూ వెళ్లాడు, చెల్లెలి ఇంటికే.

దోశపిండి మా ఇంట్లోనూ ఉంది. ఆ మాట దేవుడికి చెప్పుకున్నాను. వాడికెలా చెప్పాలో మీరు చెప్పండి.